డిస్లెక్సియా ఉన్న తమ్ముడు బీఎడ్ చేస్తానంటున్నాడు: దరఖాస్తులో చెప్పాలా, దాచాలా?

తమ్ముడి_అక్క (మద్దిలపాలెం) · శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడాది బీఎస్సీ మ్యాథ్స్ పూర్తి చేశాడు. ఎంట్రన్స్ పరీక్ష ఎడ్‌సెట్ రాసి బీఎడ్‌లో చేరాలని పట్టుదలగా ఉన్నాడు. వాడికి డిస్లెక్సియా ఉంది, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర తడబాటు. ఐదో తరగతిలో ఉండగా బయటపడింది. పదో తరగతి పరీక్షలు స్క్రైబ్‌ని (చెప్తే రాసిపెట్టే మనిషిని) పెట్టుకుని అదనపు టైముతో రాశాడు. డిగ్రీలో మాత్రం ఎవరికీ చెప్పకుండా ఎలాగో నెట్టుకొచ్చాడు.

లెక్క చెప్పడంలో వాడికి వాడే సాటి. తొమ్మిది, పది చదివే మా వీధి పిల్లలు సాయంత్రమైతే వాడి చుట్టూ చేరతారు. ఒక పిల్లకి అర్థం కాకపోతే విసుక్కోడు, ఇంకో దారిలో మళ్ళీ మొదలుపెడతాడు. కానీ ఒక పేరా ఇచ్చి గబగబా చదవమంటే తడబడతాడు. రాసేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు అటూ ఇటూ అవుతాయి. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి సరేసరి.

నాన్నగారేమో "వైకల్యం ఉందని రాసిస్తే ఏ కాలేజీ వాడు సీటిస్తాడు? చెప్పకుండా రాయమను" అంటున్నారు. అమ్మకి వేరే బెంగ. రేపు బోర్డు మీద తప్పు రాస్తే పిల్లలు నవ్వుతారు, వీడు తట్టుకోలేడని. చెప్తే నిజంగా సీటుకి ఇబ్బందా? ఎడ్‌సెట్‌లో అదనపు టైము అడగొచ్చా? ఇవి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. అసలు ఇలాంటివాళ్ళు టీచరుగా నిలదొక్కుకున్నారా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

ద్వారకానగర్_కోచింగ్ · శనివారం, ఉదయం 10:25

అమ్మా, ముందు పరీక్ష సంగతి చెప్తాను. ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలు, 2 గంటలు, కంప్యూటర్ మీద రాయాలి. జనరల్ ఇంగ్లీషు 25, జీకే 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10 మార్కులు. మిగతా 100 మీ తమ్ముడి సబ్జెక్టే. నెగెటివ్ మార్కులు లేవు. లెక్కల్లో అంత పట్టున్న కుర్రాడికి ఆ 100 మార్కుల దగ్గరే ర్యాంకు వచ్చేస్తుంది. పైగా నేను చూసినంతలో బీఎడ్ సీటు దొరక్క ఆగిపోయినవాళ్ళు తక్కువ.

అందుకే నా సలహా, ఎంట్రన్స్ మామూలుగా రాయించండి. వైకల్య సర్టిఫికెట్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే టైములో మాక్ టెస్టులు రాసుకోవచ్చు. సీటు వచ్చాక కావాలంటే చెప్పుకోవచ్చు.

చట్టం_చదివినవాడు (సీతమ్మధార) · శనివారం, ఉదయం 11:50

కోచింగ్ సార్ పరీక్ష గురించి చెప్పింది నిజమే. దాచమన్న చోట మాత్రం నాకు పేచీ ఉంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంతో గుర్తింపు ఉన్న వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. డిస్లెక్సియా అందులో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' కింద ఉంది. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్ళకి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. వయసులో 5 ఏళ్ళ సడలింపు కూడా ఉంది. మీ నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. కానీ చట్టం ఆయన అనుకుంటున్నదానికి పూర్తిగా ఎదురుగా ఉంది.

40 శాతం రాకపోతే ఏంటని అడుగుతారు. ఎంబీబీఎస్ చదివిన ఒక అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, చెయ్యి బిగుసుకుపోయి రాయలేడు. సివిల్స్‌కి స్క్రైబ్ అడిగితే, నీది ఆ 40 శాతం లెక్కలోకి రాదని కాదన్నారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. వికాస్ కుమార్ కేసు అది, 2021 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. సౌకర్యం కల్పించడానికి 40 శాతం గీత అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది. దాని తర్వాతే 2022 ఆగస్టులో, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది పడేవాళ్ళ కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అదనపు టైము గంటకి కనీసం 20 నిమిషాలు. అంటే 2 గంటల పేపరుకి ఇంకో 40 నిమిషాలు.

ఇంకొకటి. 2021లో నీట్ రాసిన, డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది) ఉన్న ఒక అమ్మాయికి గంట అదనపు సమయం రావాల్సి ఉన్నా సెంటర్‌లో ఇవ్వలేదు. టైము కాగానే పేపరు లాక్కున్నారు. ఆ ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆమెకి అన్యాయం జరిగిందని ఒప్పుకుంది, సరిదిద్దే మార్గం చూడమని పరీక్ష పెట్టిన సంస్థకి చెప్పింది. కానీ మళ్ళీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. సీటు వచ్చాక చెప్పుకుందాం అన్న సలహాకి నేను ఒప్పుకోనిది ఇందుకే. పరీక్ష అయిపోయాక ఎంత న్యాయం గెలిచినా పోయిన గంట తిరిగిరాదు.

గాజువాక_అమ్మ · శనివారం, మధ్యాహ్నం 2:15

ఎవరి మనసూ నొప్పించాలని కాదు గానీ, తల్లిగా ఒక మాట అడుగుతాను. మా పాప రెండో తరగతి. పాప నోటుబుక్కులో టీచరు పైన ఒక వరస రాసిచ్చింది, కింద పాప దిద్దింది. పైన 'పాటశాల' అని ఉంది. పాప పేజీ నిండా 'పాటశాల' అనే దిద్దింది. ఇంట్లో నేను 'పాఠశాల' అని సరిచేస్తే, "మా మిస్ అలా రాయలేదు" అని ఏడ్చింది. ఆ వయసులో టీచరు రాసిందే వేదం. ఆ టీచరుకి డిస్లెక్సియా ఉందని నేను అనడం లేదు, నాకు తెలియదు. కానీ తప్పులు రాస్తామని ముందే తెలిసినవాళ్ళని టీచర్ ట్రైనింగ్‌లోకి తీసుకోవడం పిల్లలకి న్యాయమేనా? హక్కులు టీచర్లకే ఉంటాయా, పిల్లలకి ఉండవా?

భీమిలి_మాస్టారు · శనివారం, సాయంత్రం 5:05

గాజువాక అమ్మగారి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా ఏళ్ళు డీఎడ్ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒకటో తరగతి పిల్లకి అక్షరం దిద్దించేవాడికి అక్షరం మీద పట్టు ఉండాల్సిందే. అందులో రాజీ లేదు.

కానీ ఇక్కడ అడుగుతున్న కుర్రాడు వెళ్తున్నది వేరే దారి. డీఎడ్ చేసినవాళ్ళు 1 నుంచి 5 తరగతులకి చెప్తారు, భీమిలి డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లాంటి చోట్ల ఇచ్చేది ఆ శిక్షణే. బీఎడ్ హైస్కూలు కోసం. మధ్యలో 2018లో బీఎడ్ వాళ్ళనీ ప్రాథమిక తరగతులకి అనుమతించారు గానీ, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాబట్టి ఈ అబ్బాయి ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు, కాడు. తొమ్మిదో తరగతికి త్రికోణమితి చెప్తాడు. అక్కడ పిల్లల చేతిలో పుస్తకం ఉంటుంది, బోర్డు మీద ఎక్కువగా ఉండేది అంకెలు, గుర్తులు, పటాలు.

ఇక శిక్షణ సంగతి. ఎడ్‌సెట్‌లో పాఠం చెప్పించి చూడరు. అక్కడ కొలిచేది చదివే వేగం, జ్ఞాపకం. పాఠం చెప్పగలడా లేదా తేలేది సూక్ష్మ బోధనలో (తోటి విద్యార్థుల ముందు చెప్పే చిన్న పాఠాల్లో), బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌లో. రెండేళ్ళ బీఎడ్‌లో బడిలో గడపాల్సింది కనీసం 20 వారాలు. వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసే సూపర్‌వైజర్‌కి మొదటి వారంలోనే తెలిసిపోతుంది ఎవరు టీచరో, ఎవరు కాదో. నా మాట సూటిగా చెప్పాలంటే, పనికిరానివాణ్ణి ఆపాల్సింది అక్కడ. గుమ్మం దగ్గర కాదు.

అక్కగారూ, మీ తమ్ముడికి నిజమైన కష్టం ఎంట్రన్స్ కాదు, రికార్డులు. పాఠ్య పథకాలు, పరిశీలన రికార్డు, సైకాలజీ రికార్డు, ప్రాజెక్టులు, అన్నీ చేత్తో రాయాలని చాలా కాలేజీల్లో పట్టుబడతారు. డిస్లెక్సియా ఉన్నవాడు రాత్రంతా కూర్చుని వాటిని ఫెయిర్ చేస్తూ ఉంటే పొద్దున్న పాఠం చెప్పడానికి ఓపిక మిగలదు. టైప్ చేసి ఇచ్చే అనుమతి చేరిన రోజే రాతపూర్వకంగా తీసుకోండి.

ఎర్ర_సుద్దముక్క (అనకాపల్లి దగ్గర) · శనివారం, రాత్రి 9:30

నిలదొక్కుకున్నవాళ్ళు ఉన్నారా అని అడిగారు. ఉన్నారు చెల్లీ. నాకు డిస్లెక్సియా ఉంది. ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తున్నాను.

గాజువాక అమ్మగారికి నేను ఏం చేస్తానో చెప్తే ఉపయోగం అనుకుంటున్నాను. రేపటి పాఠంలో కొత్తగా వచ్చే మాటలన్నీ రాత్రే పుస్తకంలో చూసి అట్టముక్కల మీద పెద్దగా రాసుకుంటాను. 'కిరణజన్య సంయోగక్రియ', 'అంతస్త్వచం' లాంటివి. క్లాసుకి వెళ్ళగానే, పిల్లలు సర్దుకునేలోపు, అట్టలు చూస్తూ బోర్డు కుడివైపు ఆ మాటలు రాసేస్తాను. వత్తులు మాత్రం ఎర్ర సుద్దతో. పాఠం మధ్యలో ఆ మాట మళ్ళీ రాయాల్సి వస్తే తలలోంచి తీయను, కుడివైపు చూసి దించుతాను. ద, ధ, థ నాకు ఇప్పటికీ కలిసిపోతాయి. అందుకే రాసిన ప్రతిసారీ ఆగి చూస్తాను. కింద గీత ఉందా, లోపల చుక్క ఉందా అని.

ఏడాది మొదట్లోనే పిల్లలకి చెప్పేస్తాను, నాకు అక్షరాలు తారుమారు అవుతాయి, మీరెవరైనా చూస్తే చెయ్యెత్తండి అని. నవ్వరండి. పోటీపడి చూస్తారు. దాంతో వాళ్ళూ జాగ్రత్తగా చదవడం మొదలుపెడతారు. పోయినేడు ఒక పిల్లవాడు బడి అయ్యాక ఆగి, "మేడమ్, నాకూ అలాగే అవుతది" అన్నాడు. వాడిని అప్పటిదాకా బద్ధకస్తుడనే అనుకునేవారు అందరూ. మా హెడ్‌మాస్టారితో మాట్లాడి పరీక్ష చేయించే ఏర్పాటు చేశాం.

హాజరు పిలవడం నాకు కష్టం. అందుకే మొదటి వారంలోనే పేర్లు మొహాలతో గుర్తు పెట్టేసుకుంటాను. ప్రోగ్రెస్ కార్డుల్లో రాయాల్సినవి ఫోన్‌లో తెలుగులో మాట్లాడి టైప్ చేయించుకుంటాను, దాన్నే తిరిగి చదివించుకుని విని, తర్వాత దించుతాను.

బీఎడ్‌లో నేను పడ్డది మాత్రం మర్చిపోలేను. నేను చదివిన కాలేజీలో ఒక లెక్చరరు నా లెసన్ ప్లాన్ రికార్డు క్లాసు అందరికీ ఎత్తి చూపించి, "ఈవిడ రేపు టీచరమ్మట" అన్నారు. ఆ వారమంతా కాలేజీకి వెళ్ళలేదు. మానేద్దామనుకున్నాను కూడా. ఇంటర్న్‌షిప్‌లో నా పాఠం చూసిన ఇంకో మేడమ్ మాత్రం తప్పులన్నీ పెన్సిల్‌తో సరిచేసి, పాఠానికి ఎక్కువ మార్కులు వేసి, "తప్పులు దిద్దుకోవచ్చు, నీకు ఉన్నది ఎవరూ నేర్పలేరు" అన్నారు. ఆవిడ వల్లే ఉన్నాను.

చినవాల్తేరు_సైకాలజిస్టు · ఆదివారం, ఉదయం 8:20

క్లినికల్ సైకాలజిస్టుగా రెండు విషయాలు.

ఇంగ్లీషులో రాతకీ పలుకుకీ పొంతన తక్కువ. తెలుగులో దాదాపు రాసిందే పలుకుతాం. అందుకని మన పిల్లల్లో డిస్లెక్సియా తప్పుల రూపంలో కన్నా నెమ్మదితనం రూపంలో ఎక్కువ కనబడుతుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరికి సరిగానే చదువుతాడు, కానీ పక్కవాడు పేజీ తిప్పేసరికి వీడు మూడో వాక్యంలో ఉంటాడు. పైగా గుణింతాలు, వత్తులు కలిస్తే మన లిపిలో వందల రూపాలు. 'బద్ధకం', 'శ్రద్ధ లేదు' అన్న ముద్ర పడేది ఇక్కడే. ఇది తెలివితేటలకి సంబంధించినది కాదు. అలాగని దీన్ని 'వరం' అని పొగిడేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. రోజూ ఎంత అలసట ఉంటుందో పైన సుద్దముక్క గారు రాసింది చదివితే తెలుస్తుంది.

ఇక సర్టిఫికెట్. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పిల్లలకి 8 ఏళ్ళకి, మళ్ళీ 14కి, 18కి పరీక్ష చెయ్యాలి. 18 ఏళ్ళప్పుడు ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. మీ తమ్ముడి దగ్గర ఉన్నది పదో తరగతి నాటిది కాబట్టి మళ్ళీ చేయించుకోవాల్సిందే. పెద్దవాళ్ళ దగ్గర చిక్కు ఏమిటంటే, మనం వాడే నిమ్హాన్స్ (బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ) పరీక్షలు తయారుచేసింది చిన్నపిల్లల కోసం. డిగ్రీ చదివినవాడు ఎలాగో వాటిని దాటేస్తాడు, కష్టం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి పాత కాగితాలే మీకు బలం. ఐదో తరగతి రిపోర్టు, పదో తరగతిలో స్క్రైబ్‌కి ఇచ్చిన అనుమతి, అప్పటి నోటుబుక్కులు ఉంటే అవి కూడా పట్టుకెళ్ళండి. సర్టిఫికెట్ పరీక్షకి స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో తీసుకోండి. యూడీఐడీలో (వికలాంగుల గుర్తింపు కార్డులో) దీనికి విడి కేటగిరీ ఉంది, పొరపాటున వేరేదాంట్లో నమోదు కాకుండా చూసుకోండి.

గాజువాక_అమ్మ · ఆదివారం, ఉదయం 10:00

సుద్దముక్క మేడమ్, మీరు రాసింది మా ఆయనకి కూడా చదివి వినిపించాను. మీలాంటి టీచరు దగ్గర మా పాపని కూర్చోబెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అయినా చిన్న తరగతుల విషయంలో, తెలుగు పండిట్ విషయంలో నా అనుమానం పోలేదు. మీరు పడే ఆ జాగ్రత్త ప్రతి ఒక్కరూ పడతారని నమ్మకం ఏమిటి?

భీమిలి_మాస్టారు · ఆదివారం, ఉదయం 10:40

నమ్మకం లేదు తల్లీ. అలాగే డిస్లెక్సియా లేని టీచరు జాగ్రత్త పడతాడనీ నమ్మకం లేదు. మీ పాప పుస్తకంలో జరిగింది అదే కావచ్చు. మేం రెండు గుంపులనీ ఒకే చోట పరీక్షించాలి, బోర్డు దగ్గర. పండిట్ శిక్షణ గురించి మీ అభిప్రాయమే నాకూ చాలావరకు ఉంది.

లీడ్స్‌లో_విశాఖ · ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. ఇంగ్లండ్‌లో టీచరవ్వాలంటే చాలా ఏళ్ళు భాషకి, లెక్కలకి విడిగా స్కిల్స్ టెస్టులు పాసవ్వాల్సి వచ్చేది. భాష టెస్టులో స్పెల్లింగ్ విభాగం ఉండేది. డిస్లెక్సియా ఉన్నవాళ్ళకి అదే గండం. 2020 నాటికి ఆ టెస్టులు ఎత్తేశారు. ఇప్పుడు శిక్షణ ఇచ్చే సంస్థే కోర్సు ముగిసేలోపు భాష, లెక్కల స్థాయి చూసి భరోసా ఇవ్వాలి. 2010 ఈక్వాలిటీ చట్టం కింద సౌకర్యాలు కూడా ఇవ్వాలి. మాస్టారు చెప్పిన 'గుమ్మం దగ్గర కాదు' అన్నదానికి ఇది దగ్గరగా ఉంది. స్థాయి తగ్గించలేదు, చూసే చోటు మార్చారు.

తమ్ముడి_అక్క · ఆదివారం, సాయంత్రం 6:15

అందరికీ చేతులెత్తి దండం. సుద్దముక్క అక్కా, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. సగంలో లేచి మేడ మీదకి వెళ్ళిపోయాడు. కిందకి వచ్చాక "అట్టముక్కలు ఎంత సైజువో అడుగు" అన్నాడు. నాన్నగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, పాత ఫైలు బీరువాలోంచి ఆయనే తీసిచ్చారు.

వాడు చెప్పేది ఏమిటంటే, స్క్రైబ్ వద్దు, టైము చాలు అని. కంప్యూటర్ మీద నొక్కడమే కదా, చదవడానికే టైము పడుతుంది అంటాడు. ఇది సరైన ఆలోచనేనా?

ద్వారకానగర్_కోచింగ్ · ఆదివారం, రాత్రి 7:00

సరైనదే. లెక్కలు వాడికి వాడే చేసుకోవాలి, పక్కన మనిషి ఉంటే ఏకాగ్రత పోతుంది. అయితే మాక్ టెస్టులు ఇప్పటినుంచే 2 గంటల 40 నిమిషాలు పెట్టుకుని రాయించండి. ముందు లెక్కల 100 పూర్తి చెయ్యాలి. ఇంగ్లీషులో చిన్న ప్రశ్నలు తర్వాత, పేరా చదివి రాసేవి ఆఖర్న. అలసిన కళ్ళతో పేరా చదవడం కష్టం కాబట్టి, దాని ముందు ఓ నిమిషం కళ్ళు మూసుకోమనండి. ఆ నిమిషం మీకు ఇప్పుడు ఉంటుంది. మా సెంటర్‌కి పంపండి, విడిగా ఒక సిస్టమ్ దగ్గర కూర్చోబెడతాను.

ఎర్ర_సుద్దముక్క · ఆదివారం, రాత్రి 8:45

పోస్టుకార్డుకి రెండింతలు ఉంటే చాలు తమ్ముడూ. తెల్లవి వద్దు, లేత పసుపు అట్టలు తీసుకో, నాకు వాటి మీద అక్షరం కుదురుగా కనబడుతుంది. నీకు ఏ రంగు నప్పుతుందో నువ్వే చూసుకో.

చెల్లీ, ఇంకొంచెం ముందుకి కూడా చూడండి. బీఎడ్ తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్ 150 ప్రశ్నలకి రెండున్నర గంటలు. వైకల్యం ఉన్నవాళ్ళకి అర్హత 40 శాతం. ఆ తర్వాత ఉద్యోగానికి డీఎస్సీ. సర్టిఫికెట్ ఇప్పుడు తీసుకుంటే అన్నిటికీ అదే పనికొస్తుంది. ఉద్యోగాల్లో కూడా 34వ సెక్షన్ కింద ఉన్న 4 శాతంలో ఆటిజం, మానసిక అనారోగ్యం వంటి వాటితో కలిపి మన విభాగానికి 1 శాతం ఉంది.

చట్టం_చదివినవాడు · ఆదివారం, రాత్రి 10:10

చివరగా పని మాట. నోటిఫికేషన్ రాగానే వికలాంగుల గురించి రాసిన పేరా పూర్తిగా చదవండి. దరఖాస్తులో వైకల్యం గడి నింపండి. అక్కడ మీ కేటగిరీ కనబడకపోయినా ఊరుకోకండి. సర్టిఫికెట్ కాపీ జతచేసి ఎడ్‌సెట్ కన్వీనర్ గారి ఆఫీసుకి విడిగా ఉత్తరం పెట్టండి. '2 గంటల పరీక్షకి 40 నిమిషాల అదనపు సమయం కోరుతున్నాను' అని ఒక్క వాక్యంలో స్పష్టంగా రాయండి. 2016 చట్టం, అప్పటికి అమల్లో ఉన్న కేంద్ర మార్గదర్శకాలు ప్రస్తావించండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. జవాబు రాకపోతే వారం ఆగి గుర్తు చేస్తూ మళ్ళీ రాయండి.

హాల్ టికెట్ వచ్చాక అదనపు టైము సంగతి అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఉత్తరం, రసీదు, సర్టిఫికెట్ ఒకే కవర్‌లో పెట్టుకుని, పరీక్షకి ఒకరోజు ముందే సెంటర్‌కి వెళ్ళి చీఫ్ సూపరింటెండెంట్‌ని కలవండి. తమ్ముడిని కూడా తీసుకెళ్ళండి, మాట్లాడనివ్వండి. ఉత్తరం ముసాయిదా ఇక్కడ పెడితే నేను దిద్ది ఇస్తాను.

తమ్ముడి_అక్క · సోమవారం, ఉదయం 7:55

ముసాయిదా వాడే రాస్తానన్నాడు సార్. ఫోన్‌లో మాట్లాడి టైప్ చేస్తున్నాడు. రాత్రికి పెడతాం. సచివాలయంలో స్లాట్ అడగడానికి నాన్నగారు బయల్దేరారు.